మీసం మీద తునక

బస్సుకి మొహం ఉండదు. ఉండేదల్లా రేకు. రేకుకి సొట్ట పడితే పుట్టీ పెట్టాలి, ఎండాక గరుకు కాగితం పట్టాలి, అరచేత్తో తడిమి చూడాలి, చేతికేమీ తగలకపోతే రంగు కొట్టాలి. బస్సు బాడీలు కట్టే షెడ్డులో ఇన్నేళ్లుగా అతను చేస్తున్న పని ఇదే. అందుకే షెడ్డంతా అతన్ని పుట్టీ అని పిలుస్తుంది. అమ్మానాన్నా పెట్టిన పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఇంకెందుకూ పనికిరాకుండా పోయింది.

అలాంటి పుట్టీకి ఆదివారాల పిచ్చి ఒకటి పట్టుకుంది. గ్రంథాలయం మేడ మీద ఒక డ్రాయింగు మాస్టారు ఆయిల్ పెయింటింగు నేర్పుతున్నాడని విని వెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నాడు. కూజా వేశాడు. ఉల్లిపాయ వేశాడు. నోరు తెరిచిన పాత బూటు వేశాడు. బూటు బాగానే కుదిరింది. మనిషి మొహం జోలికి మాత్రం పోలేదు. చివరికి జోలికి పోయిన మొదటి మొహం ఎవరిదయ్యా అంటే, లోకంలో ఇన్ని మొహాలుండగా, చూద్దాంగారిది.

చూద్దాంగారు షెడ్డు కార్మిక సంఘానికి అధ్యక్షుడు. ఎదురుగా అందరూ పెద్దాయనా అంటారు, పక్కకి తిరిగి చూద్దాంగారంటారు. జీతం పెంచమంటే చూద్దాం. రంగు కొట్టేవాళ్లకి ముక్కుగుడ్డలు ఇప్పించమంటే చూద్దాం. ఆడవాళ్ల మరుగుదొడ్డికి గడియ పెట్టించమంటే అదీ చూద్దాం. గడియ లేని ఆ తలుపుని ఇవాళ్టికీ ఒకరు లోపలుంటే ఇంకొకరు బయట నిలబడి పట్టుకుంటున్నారు.

పోయిన ఏడాది సమ్మెకి పిలుపిచ్చిందీ ఆయనే, ఆపిందీ ఆయనే. అందరినీ పనిలోకి తీసుకున్నారు, ముందు వరసలో నిలబడి గొంతు చించుకున్న కొద్దిమందిని తప్ప. ఆ కొద్దిమందిలో పుట్టీ అక్క ఒకతె. సీట్లు కుట్టే సెక్షన్లో ఆమె మెషీను తొక్కితే రెక్సిను గుడ్డ నీళ్లలా జారేదని పేరు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఒక దుకాణానికి దిండు గలీబులు కుడుతోంది. ఆ ఇంట్లో అక్కా తమ్ముడూ ఇద్దరే. తల్లి పోయాక వాడికి అన్నం పెట్టిందీ ఆమే, వాడి చెవి మెలిపెట్టి షెడ్డులో పనికి చేర్పించిందీ ఆమే. ఇప్పుడు వాడి సంపాదన తింటూ కూర్చోవడం ఆమెకి గొంతులో ముల్లు. ఆమె అలా కూర్చోవడం వాడికీ ముల్లే.

ఆ ముల్లు ఎక్కడుందో చూద్దాంగారికి బాగా తెలుసు.

"ఏరా అబ్బాయ్, నువ్వేదో బొమ్మలు వేస్తున్నావటగా?" అన్నాడు ఒక మధ్యాహ్నం పుట్టీని సంఘం ఆఫీసుకి పిలిపించి.

"ఏదో ఆదివారం పూట, సరదాకండీ."

"మన కొత్త హాల్లో నా పటం పెట్టాలని కమిటీ ఒకటే గోల. నేను వద్దన్నాను. వింటారా? ఫొటో అయితే వెలిసిపోతుందట, ఆయిల్ పెయింటింగయితే హుందాగా ఉంటుందట. సరే, బయటివాడెందుకు, మనవాడున్నాడు కదా అన్నాను."

"నాకు మొహాలు రావండి. బూటు వస్తుంది."

"రాకపోవడమేంటి, వస్తాయిలే. అన్నట్టు మీ అక్క ఏం చేస్తోందిప్పుడు?"

"గలీబులు కుడుతోందండి."

"అయ్యో పాపం. మంచి పనిమంతురాలు." చూద్దాంగారు టీ ఒక గుక్క తాగి కప్పు వైపు జాలిగా చూశాడు. "మేనేజరు నా మాట తీసెయ్యడు. ముందు పటం కానీ. తర్వాత చూద్దాం."

ఆ మాటని ఎన్నిసార్లు విని ఎన్నిసార్లు నవ్వాడో, అదే మాటని పట్టుకుని ఆ సాయంత్రం కాన్వాసు కొనుక్కున్నాడు పుట్టీ. ఆశ కంటే సిగ్గుమాలింది ఇంకొకటి లేదు.

"ఫొటో చూసి వెయ్యకు. మొదటి మొహం మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకునే నేర్చుకోవాలి," అన్నాడు మాస్టారు. దాంతో రోజూ భోజనాల వేళ సంఘం ఆఫీసులో కిటికీ పక్కన కుర్చీ వేసి చూద్దాంగారిని కూర్చోబెట్టాడు. ఒక మనిషి మొహాన్ని అంత దగ్గరగా అంతసేపు చూడటం పుట్టీకి అదే మొదలు. కట్టుకున్నదాని మొహాన్ని కూడా ఎవడూ అంతసేపు చూడడు. చూస్తే కాపురాలు నిలవవు.

చెవుల్లోంచి వెంట్రుకలు గుత్తులుగా బయటికొచ్చాయి. కింది పెదవి ఎప్పుడూ తడిగా, నెత్తురు తాగిన జలగలా వేలాడుతోంది. చూద్దాంగారు అగ్గిపుల్లతో చెవి తిప్పుకుని, వచ్చినదాన్ని వెలుతురుకి పెట్టి చూసుకుని, కుర్చీ కోడుకి రాశాడు. బిస్కెట్టు టీలో ముంచితే విరిగి పడిపోయింది. వేలు పెట్టి తోడుకుని, ఆ వేలు చప్పరించాడు. పళ్ల కింద ఏదో ఇరుక్కుందని పైపళ్ల సెట్టు ఊడదీసి గ్లాసులో కడిగి మళ్లీ పెట్టుకున్నాడు. సెట్టు లేని ఆ కాసేపూ మొహం ఖాళీ సంచిలా లోపలికి పోయింది. ఆ గ్లాసే పుట్టీ వైపు జరిపి, "దాహమేస్తే తాగు అబ్బాయ్, మొహమాటపడకు," అన్నాడు.

పుట్టీ గ్లాసు ముట్టుకోలేదు. బ్రష్షు కొసని చూస్తూ గుటకలు మింగాడు.

ఇంకో అలవాటుంది ఆయనకి. ఏం తిన్నా, తినకపోయినా, మాటిమాటికీ జేబురుమాలు తీసి మీసం కొసలు రెండూ తుడుచుకుంటాడు. ఎందుకో పుట్టీకి అర్థం కాలేదు. మీసం శుభ్రంగానే ఉంది. మిగతా మొహమే తుడవాల్సినట్టుంది.

"ఇదిగో అబ్బాయ్, కళ్ల కింద ఈ సంచులు వద్దు," అన్నాడు చూద్దాంగారు కాన్వాసు వైపు తొంగిచూసి. "ఈ మచ్చ వద్దు. గడ్డం కింద ఈ వేలాడేది అసలే వద్దు. మీసం నల్లగా ఉండాలి. మిగతాదంతా ఉన్నది ఉన్నట్టు వెయ్యి."

మిగతాదేముంది? చెవులు.

ఉన్నది ఉన్నట్టు వెయ్యడం పుట్టీకి ఎటూ చేతకాదు. చేతికొచ్చింది ఒకటే, సొట్ట పూడ్చడం. కాన్వాసుని ఇంటికి మోసుకెళ్లి వెనక గదిలో పెట్టుకుని కళ్ల కింద పూడ్చాడు, బుగ్గల్లో పూడ్చాడు, నుదుటి మీది గీతల్లో పూడ్చాడు. అవిసె నూనె ఓడుతున్న రంగుని దళసరిగా మెత్తి, కత్తితో నున్నగా లాగి, మళ్లీ మెత్తాడు. చేతికి పట్టిన అలవాటు. దగ్గరికి వెళ్లి వేలితో తడిమి చూద్దామనిపించింది కూడా.

అయ్యాక వెనక్కి జరిగి చూసుకున్నాడు. సబ్బుబిళ్లకి మీసం అతికించినట్టుంది. తన చేత్తో చేసిన పని చూసి తనకే వాంతి రావడం అతనికి షెడ్డులో ఎప్పుడూ జరగలేదు. బస్సు రేకుని నున్నగా చేస్తే అందులో అబద్ధం లేదు. ఇందులో ఉంది.

చూద్దాంగారికి చూపిస్తే మాత్రం ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. "అచ్చం నేనే!" అన్నాడు. కమిటీవాళ్లు కూడా అచ్చం మీరేనన్నారు. ఆవిష్కరణకి తేదీ పెట్టేశారు.

"అప్పటికి ఎండదయ్యా," అన్నాడు మాస్టారు ఆదివారం నాడు. "ఇంత మందంగా మెత్తావు. నూనె రంగుకి తొందరుండదు. అది ఎండినప్పుడే ఎండుతుంది."

"షెడ్డులో డ్రయర్ ఉంది మాస్టారూ. రెండు చుక్కలేస్తే పొద్దున కొట్టిన బస్సు సాయంత్రానికి రోడ్డెక్కుతుంది."

"ఇది బస్సు కాదు."

"చూస్తే తేడా తెలీడంలేదు లెండి," అన్నాడు పుట్టీ కసిగా. ఇంటికెళ్లి షెడ్డు డబ్బాలోంచి తెచ్చిన డ్రయర్ కలిపి మొహమంతా ఒక పైపూత పూశాడు. మర్నాటికి బొటనవేలు నొక్కి చూశాడు. వేలికి అంటలేదు. షెడ్డులో బస్సుని పంపించేది ఆ బొటనవేలే. దానికి మించిన పరీక్ష అతనికి తెలీదు.

ఇదంతా అక్కకి తెలీకుండా సాగింది. కాన్వాసు మీద రెక్సిను గుడ్డ ముక్క ఒకటి కప్పి ఉంచేవాడు. మొహం కప్పొచ్చు, కంపు కప్పలేం.

"ఏంట్రా ఈ వాసన? ఇల్లంతా షెడ్డు చేశావు," అంది అక్క ఆ సాయంత్రం గుమ్మంలో నిలబడి.

"రంగులే అక్కా. మాస్టారు ఓ మొహం వెయ్యమన్నాడు."

"ఎవరి మొహం?"

"ఎవరో ముసలాయన."

అక్క వచ్చి రెక్సిను లాగేసింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "ముసలాయనంటావేంట్రా, ఇది బస్సు కదూ! వైపర్లు మర్చిపోయావు." నవ్వబోయింది. ఇంతలో మీసం కనిపించింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"వాడేనా?"

పుట్టీ కింద పడ్డ రెక్సిను తీసి మడతపెట్టాడు.

"నిన్నేరా. వాడేనా?"

"నీ పని ఇప్పిస్తానన్నాడక్కా."

"అన్నాడా? ఇప్పిస్తానని అన్నాడా?"

"...చూద్దామన్నాడు."

అక్క గొంతులోంచి ఒక చప్పుడొచ్చింది. దాన్ని నవ్వనడానికి లేదు. మెషీనులో సూది విరిగితే అలాంటి చప్పుడొస్తుంది.

"అయితే నా కోసం వాడి మూతి నాకుతున్నావన్నమాట."

"నాకడమేంటే, బొమ్మేగా!"

"బొమ్మే. నాకినట్టే ఉంది, చూసుకో. ఎక్కడా ఒక్క గీత మిగల్చలేదు."

"ఏం చెయ్యమంటావ్ మరి?" పుట్టీ గొంతు లేచింది. "దీపం బుడ్డిలాంటి ఆ బల్బు కింద నువ్వు గలీబులు కుట్టుకుంటూ కళ్లు పోగొట్టుకుంటుంటే నేను ఉల్లిపాయ బొమ్మలేసుకుంటూ కూర్చోనా?"

అక్క అన్నం పెట్టింది గానీ కంచం నేలకి తగిలిన చప్పుడు వీధిలోకి వినిపించింది. పెట్టి, తను తినకుండా మెషీను ముందు కూర్చుంది. చాలాసేపు మెషీను చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేమీ లేదు. తర్వాత అదీ ఆగింది. వచ్చి పటం ముందు నిలబడింది.

"సమ్మె విరమించిన రోజు నువ్వెక్కడున్నావురా?"

"వెనకాల. గోడ దగ్గర."

"నేను ముందున్నాను, బల్లకి ఆనుకుని. నీకు తెలీదు." ఆమె పటానికి ఒక జానెడు దూరంలో మొహం పెట్టి, మీసం కుడి కొస దగ్గర వేలు చూపించింది. "మనమంతా గేటు బయట ఎండలో పస్తులు. ఆయన లోపల మేనేజరుతో మాట్లాడుతున్నాడు. పొద్దున వెళ్లినవాడు మధ్యాహ్నం దాటాక వచ్చాడు. బల్లెక్కాడు. కాయితం తీసి 'మిత్రులారా, మనం గెలిచాం' అన్నాడు. అంటుంటే ఇదిగో, ఇక్కడ, మీసం చివర బిస్కెట్టు తునక."

పుట్టీ తలెత్తి చూశాడు.

"మాట మాటకీ ఊగుతోందిరా అది. పడుతుందా, పడదా అని దాన్నే చూస్తూ నిలబడ్డాను. వెనక్కి తీసుకోనివాళ్ల పేర్లు చదివాడు. నా పేరూ చదివాడట. నా చెవికెక్కలేదు. నా పక్కామె ఏడుస్తూ నా భుజం పట్టుకుంటే అప్పుడు తెలిసింది. అప్పటికీ అది పడలేదు."

"ఎవరూ చూడలేదా?"

"ముందు వరసంతా చూసింది. ఒక్కరూ అనలేదు. నేనూ అనలేదు. నోరు పెద్దదని పేరు తెచ్చుకున్నదాన్ని, మూతి తుడుచుకోవయ్యా అన్న రెండు మాటలు రాలేదు నాకు. వాడి మీద కంటే నాకు నా మీదే రోతరా." ఆమె వేలు వెనక్కి తీసుకుంది. "వేస్తే అది వెయ్యి. లేదంటే ఈ గుడ్డ పొయ్యిలో పెట్టు."

"అది వేస్తే నీ పని పోతుందే!"

"పోయిన పని మళ్లీ ఎలా పోతుందిరా?" అంది అక్క. అని, వెళ్లి చల్లారిన అన్నం తినడానికి కూర్చుంది.

జేబురుమాలు సంగతి పుట్టీకి అప్పుడు వెలిగింది. అంటే ఆయనకీ తెలుసు. ఎవరో లోపలికెళ్లాక చెప్పుంటారు. అప్పట్నుంచీ తుడుచుకుంటూనే ఉన్నాడు.

చిన్న కత్తి తీసుకున్నాడు. ట్యూబుల్లోంచి గోధుమ రంగు, పసుపు, కొంచెం తెలుపు పిండి, డ్రయర్ రెండు చుక్కలేసి, పుట్టీ కలిపినట్టు గట్టిగా కలిపాడు. మీసం చివర ఒక్క దెబ్బకి అంటించాడు. అంచు విరిగినట్టు రావడానికి కత్తి మొనతో రెండుసార్లు గిల్లాడు. కింద గోరంత నీడ పెట్టాడు. ఒక పక్క టీలో నానినట్టు ముదురు చేశాడు. అలా దీక్షగా అతను ఇన్నాళ్లలో దేన్నీ వెయ్యలేదు. అయ్యాక చూస్తే మొహమంతా సబ్బుబిళ్లే, తునక మాత్రం తునకే. ఊదితే ఎగిరిపోయేలా ఉంది. మొహం ఎలా వెయ్యాలో పుట్టీకి ఆ పూట తెలిసింది, ఆ తునకంత మేరకి.

ఆవిష్కరణ నాడు హాలు కిటకిటలాడింది. షిఫ్టు దిగినవాళ్లు దిగినట్టే వచ్చారు. భక్తితో కాదు, బిస్కెట్లూ టీ ఉన్నాయన్నారు. పళ్లేలు ముందే తిప్పడంతో ఉపన్యాసాలన్నీ నమలుతూనే విన్నారు. ఒక కమిటీ సభ్యుడు చూద్దాంగారిని దీపస్తంభం అన్నాడు, ఇంకొకడు మర్రి ఊడ అన్నాడు, మూడోవాడికి పోలికలు దొరక్క తండ్రి అన్నాడు. పుట్టీ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పక్కన ఇంజన్లు బిగించే గ్రీజు అనేవాడు చెవిలో గుసగుసలాడాడు: "బాగా వేశావట కదరా. చెవుల్లో బొచ్చు కూడా వేశావా?"

"నోర్ముయ్."

చూద్దాంగారు స్వయంగా తాడు లాగాడు. గుడ్డ జారింది. చప్పట్లు మొదలయ్యాయి. ముందు వరసలో మొదలైన చప్పట్లు ముందు వరసలోనే ఆగిపోయాయి. సీట్ల సెక్షన్ ఆడవాళ్లు ఇద్దరు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. వెనకవాళ్లకేమీ అర్థం కాక ఇంకాసేపు కొట్టి వాళ్లూ మానేశారు.

చూద్దాంగారు కళ్లజోడు సర్దుకుని తన మొహం దగ్గరికి తన మొహం తీసుకెళ్లాడు. "ఎవరయ్యా, చూసుకోవద్దూ, బిస్కెట్లు తింటూ పటం మీదికి దగ్గుతారా?" అని విసుక్కుని జేబురుమాలు తీసి ఒక విదిలింపు విదిలించాడు. తునక కదల్లేదు. మెల్లగా తుడిచాడు. కదల్లేదు. అప్పుడు ఎడం చేత్తో ఫ్రేము పట్టుకుని, కుడిచేత్తో కసిగా రుద్దాడు.

డ్రయర్ పైపూతని మాత్రమే ఎండబెట్టింది. లోపల నూనె పచ్చిగా, మెత్తగా, అడుగు పట్టని పాయసంలా అలాగే ఉంది. రుద్దిన చోట తోలు పగిలింది. పగిలిన దాంట్లోంచి బుగ్గ రంగు బుళుక్కున బయటికొచ్చి, పెదవి ఎరుపుని, మీసం నలుపుని వెంటేసుకుని చెవి దాకా సాగింది. మూతి ఒకవైపుకి జారిపోయింది. తునక మాత్రం ఆ బురదలో రెండంగుళాలు ప్రయాణం చేసి బుగ్గ మీద నిలబడింది.

హాల్లో నమలడం ఆగింది.

"పెద్దాయనా, ఇంకా ఉందండీ," అన్నాడు గ్రీజు వెనక నుంచి, చాలా వినయంగా. "మూతి తుడుచుకోండి."

అలవాటు ఎంత పాడు అలవాటంటే, ఆయన చెయ్యి ఆలోచించలేదు. ఆ జేబురుమాలే, రంగు ముద్దలతో ఉన్న ఆ జేబురుమాలే, సొంత మీసం మీదికి వెళ్లింది. ఒక కొస తుడిచింది. రెండో కొస తుడిచింది.

హాలు కూలిపోయినట్టు నవ్వారు. ఏడాదిగా లోపల కుళ్లుతున్నది ఒక్కసారి కక్కినట్టు నవ్వారు. పుట్టీ నవ్వలేదు. ఆ ముందు వరసలో కుర్చీ చేతులు చరుస్తూ నవ్వుతున్నవాళ్లే ఆ రోజు ఈ తునకని చూసి నోరు మూసుకున్నారు. నవ్వడం అయ్యాక కళ్లు తుడుచుకుని వెళ్లి మళ్లీ బిస్కెట్ల పళ్లెం దగ్గర వరస కట్టారు. ఒకడు రెండు జేబులో వేసుకున్నాడు.

చూద్దాంగారు అరుస్తాడనుకున్నాడు పుట్టీ. కాలరు పట్టుకుంటాడనుకున్నాడు. అదే జరిగి ఉంటే కాస్త గౌరవం మిగిలేది. ఆయన లోపలి గదిలోకి పిలిచి, తలుపేసి, కూర్చోమన్నాడు. మీసం గులాబీ రంగులో మెరుస్తోంది.

"కుర్రతనం. నేనవన్నీ పట్టించుకోను. పటం పట్టుకెళ్లి ఆ మూతి సరిచేసి, అది... దాన్ని తీసేసి పట్రా. ఎవరో పచ్చి రంగు మీద చెయ్యేశారని చెబుదాం."

పుట్టీ కుర్చీలోంచి లేవబోయాడు.

"మీ అక్క సంగతేగా? ఉండు." ఫోను తీశాడు. "ఆఁ, నేనేనండీ... అదే, ఆ సీట్ల సెక్షన్ అమ్మాయి గురించి చెప్తానన్నాను కదా... ఆఁ... రేపట్నుంచి రమ్మననా? మంచిదండీ. పిల్లలు బాగున్నారా?" ఫోను పెట్టేశాడు. "అయిపోయింది. చూశావా?"

పుట్టీ చూశాడు. బల్ల మీద టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. అది చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ఇంత చిన్న పనా ఇది? ఈ ఒక్క ఫోను కోసమా ఏడాదంతా అక్క ఆ బల్బు కింద వంగిపోయింది? చెయ్యలేని దద్దమ్మ అనుకున్నాడు ఈయన్ని ఇన్నాళ్లూ. చెయ్యగలడు. చెయ్యగలిగీ చొక్కా జేబులో దాచుకుని, మొహం వేయించుకోవడానికి పనికొస్తుందని అట్టే పెట్టుకున్నాడు. జలగలాంటి ఆ పెదవి మీద ఉమ్మి మెరిసింది. పుట్టీ నోట్లో నీళ్లూరాయి, కక్కు ముందు ఊరే నీళ్లు.

"అక్కనడగాలండి," అన్నాడు లేచి.

"అడిగేదేముంది అబ్బాయ్? అన్నం వద్దనేవాళ్లుంటారా?"

పుట్టీ పటాన్ని అక్కడే వదిలేసి బయటికొచ్చి, కాలవ పక్కన వంగి నిజంగానే కక్కుకున్నాడు.

ఇంటికెళ్లేసరికి అక్క మెషీను మీద ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పాడు, ఏమీ దాచలేదు. మీసం తుడుచుకున్న దగ్గర ఆమె పెదవులు బిగపట్టింది గానీ ఆగలేక ఫక్కుమంది. ఫోను సంగతి దగ్గర ఆమె కాలు ఆగింది. చక్రం తనంతట తను కాసేపు తిరిగి ఆగింది.

"ఫోనులోనే అయిపోయిందా?"

"అక్కడికక్కడే."

"నా మెషీను ఉందా ఇంకా? ఎవరికైనా ఇచ్చేశారా?"

"కిటికీ పక్కనే ఉందక్కా. కొత్తమ్మాయి తొక్కుతోంది. ఆ పిల్ల మాట అది వినడం లేదట."

"వినదు. ఎడం పక్క నుంచి నూనె పొయ్యాలి దానికి, కుడి పక్క నుంచి పోస్తే మొరాయిస్తుంది." అక్క అరచెయ్యి ఒళ్లోని గలీబు మీద అటూ ఇటూ జరిగింది, రెక్సిను గుడ్డని సర్దుతున్నట్టు. "మిగతావాళ్లు? నాతో పాటు తీసేసినవాళ్లు?"

"వాళ్ల మాట రాలేదు."

"నువ్వడిగావా?"

"అడగలేదు." పుట్టీ తల వంచుకున్నాడు. "నీ సంగతే బుర్రలో ఉంది."

అక్కకి ఆ పని కావాలి. ఎంత కావాలో పుట్టీకి కనిపిస్తూనే ఉంది. ఆ మెడ వంపులోనే ఉంది, ఎర్రబడిన ఆ కంటి కొసల్లోనే ఉంది. తీసుకోవే, ఎవరేమనుకుంటే మనకేంటి అని నోటి దాకా వచ్చింది. ఒక్క గంట పని, మూతి సరిచెయ్యడం. పూడ్చడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

"ఆ మీసం మీది తునక తీసి నా మూతికి అంటిస్తానంటున్నాడన్నమాట," అంది అక్క చివరికి. "రేపు నేను లోపలికెళ్తే గేటు బయట నిలబడ్డవాళ్లు నా మూతికేసి చూస్తారు. ఒక్కరూ అనరు. నేను అన్నానా?" గలీబుని మళ్లీ సూది కిందికి తోసింది. "వెళ్లి చెప్పు. ఆలోచిస్తోందట, చూద్దామంది అని చెప్పు."

"అక్కా..."

"చేతులు కడుక్కోరా ముందు. కంపు కొడుతున్నావు."

ఎంత రుద్దినా గోళ్ల సందున ఆ బుగ్గ రంగు పోలేదు. రెండో సబ్బు తీశాడు. సబ్బుబిళ్లని చూస్తే కూడా ఆ మొహమే గుర్తొచ్చింది. మట్టి పెట్టి రుద్దుకున్నాడు.

పటాన్ని పారెయ్యలేదు కమిటీవాళ్లు. తీర్మానం అయిపోయింది కాబట్టి గోడకెక్కాల్సిందే. ఒక పెయింటరుని పిలిచారు, పచ్చి రంగు ముట్టుకోనన్నాడు. చివరికి మూతి కనపడకుండా ఉండాలని పైకప్పుకి ఆనించి కట్టేశారు. కింద నుంచి మెడ విరిచి చూస్తే జారిపోయిన మొహమూ, బుగ్గ మీద చుక్కంత తునకా కనిపిస్తాయి. కాబట్టి అందరూ మెడ విరిచే చూశారు. చూసి, వెళ్తూ వెళ్తూ, గ్రీజు ఒకసారి జేబురుమాలు తీసి మూతి కొస తుడుచుకున్నాడు. అతని వెనకవాడు చొక్కా చేత్తో తుడుచుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు.

బోనసు సంగతి చెప్పడానికి చూద్దాంగారు గేటు ముందు మళ్లీ బల్లెక్కిన రోజు, పనిలోంచి తీసేసినవాళ్లు కూడా వచ్చి రోడ్డు అవతల నిలబడ్డారు. అక్క దుకాణానికి ఇవ్వాల్సిన గలీబుల మూట చంకలో పెట్టుకుని వచ్చింది. పుట్టీ ఈసారి గోడ దగ్గర నిలబడలేదు. జనాన్ని తోసుకుంటూ బల్ల దాకా వెళ్లాడు. మీటింగులో బల్లకి అంత దగ్గరికి వెళ్లడం అదే మొదలు. చెమటా, టీ, పళ్లసెట్టూ కలిసిన వాసన ఇక్కడికీ వచ్చింది. అతను ముక్కు మూసుకోలేదు.

"మిత్రులారా," అన్నాడు చూద్దాంగారు. "బోనసు విషయం మేనేజరుతో గట్టిగా మాట్లాడాను. ఆయన కూడా సానుభూతితోనే ఉన్నారు. తొందరపడకుండా కాస్త ఓపిక పడితే..."

అక్క మూట కింద పెట్టింది. రోడ్డు అవతల నుంచి, అందరికీ కనపడేలా చెయ్యెత్తి, బొటనవేలితో మూతి కుడి కొస తుడుచుకుంది.

వెనక్కి తిరిగి చూసిన పుట్టీ తుడుచుకున్నాడు. అతని పక్కనున్న సీట్ల సెక్షన్ ఆమె తుడుచుకుంది. ఆమె వెనక వరస. ఆ వెనక వరస. నవ్వు లేదు, కేక లేదు. గరుకు చేతులు గరుకు మూతుల మీద ఆడిన చప్పుడు మాత్రం వినిపించింది, రేకు మీద గరుకు కాగితం పట్టినట్టు.

"...చూ," అన్నాడు చూద్దాంగారు.

మిగతా మాట రాలేదు. ఆయన చెయ్యి జేబురుమాలు కోసం జేబులోకి దిగి, తనెక్కడుందో గుర్తొచ్చి, అక్కడే ఆగిపోయింది.